ప్రశ్నలు – జవాబులు: పాత బండ్ల యాప్ దేనికి పూచీ పడుతోంది?

సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు చూసుకోవలసిన కాగితాల గురించి గత సంచికలో ఇచ్చిన జవాబుకు ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. మధురవాడ నుంచి ముగ్గురు మిత్రులు పంపిన ప్రశ్న మిగిలిన వాటికి తల్లివేరులా కనిపించింది గనుక దానికి ఎక్కువ చోటిచ్చి, తక్కినవాటిని దాని వెనుక కూర్చాను.

ప్రశ్న: మేము ముగ్గురం ఇంజనీరింగ్ పూర్తి చేసి, విశాఖపట్నం, అనకాపల్లి, విజయనగరం ప్రాంతాల వరకే పనిచేసేలా పాత బైకులు, కార్లు కొనే, అమ్మే యాప్ ఒకటి తయారు చేస్తున్నాము. అమ్మకందారు ఫోన్ నంబరును ఓటీపీతో సరిచూసి, ఆర్‌సీ ఫోటో తీసుకుని, ప్రకటన పక్కన ఆకుపచ్చ టిక్కుతో ‘వెరిఫైడ్’ అని చూపాలనుకున్నాము. మాలో ఒకరి నాన్నగారికి చూపిస్తే, ‘ఈ టిక్కును చూసి నేనైతే రూపాయి కట్టను’ అన్నారు. జనానికి నమ్మకం కలగాలంటే ఏం చేయాలి?
— ముగ్గురు మిత్రులు, మధురవాడ

జవాబు: ఆ పెద్దాయన మాటను తేలిగ్గా తీసుకోకండి. మీ టిక్కు వెనుక ఉన్న పరీక్షలను ఒక్కొక్కటిగా విప్పి చూడండి. ఓటీపీ సరిపోయిందంటే ఆ నిమిషంలో ఆ సిమ్ము ఆ మనిషి చేతిలో ఉందని మాత్రమే అర్థం. ఆర్‌సీ ఫోటో వచ్చిందంటే ఆ ఫోటో అతని ఫోనులో ఉందని మాత్రమే అర్థం. ఒక బండి ఆర్‌సీ ఫోటో బీమా ఏజెంటు దగ్గర, మెకానిక్ దగ్గర, కొందామని వచ్చి బేరం కుదరక వెళ్లిపోయిన నలుగురి దగ్గర వాట్సాప్‌లో పడి ఉంటుంది. కానీ ‘వెరిఫైడ్’ అన్న మాట చదివిన మనిషి బండి మంచిదని, అమ్మేవాడే అసలు యజమాని అని, అప్పులేమీ లేవని, ధర న్యాయమైనదని, నాలుగూ కలిపి అర్థం చేసుకుంటాడు. మీరు చెప్పినదానికీ అతను విన్నదానికీ మధ్య మిగిలిన ఖాళీలోనే మోసగాడు కాపురం పెడతాడు.

పాత వాహనాల బజారులో ఈ చిక్కు ఇప్పుడు పుట్టింది కాదు. అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో ప్రచురించిన పరిశోధన పత్రంలో పాత కార్లనే ఉదాహరణగా తీసుకున్నారు. బండిలోని లోపాలు అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియవు; అందుకని కొనేవాడు మంచిదానికీ చెడ్డదానికీ మధ్యస్థంగా ఒక ధర ఇవ్వడానికే సిద్ధపడతాడు; ఆ ధర గిట్టని మంచి బండి యజమాని తన బండిని ఇంట్లోనే ఉంచుకుంటాడు, లేదా చుట్టాలకు ఇచ్చేస్తాడు; బజారులో చెడ్డ బండ్ల పాలు పెరిగి, కొనేవాడు ఇవ్వజూపే ధర మరింత దిగుతుంది. ఈ తరహా పరిశోధనలకు ఆయన 2001లో మరో ఇద్దరితో కలిసి ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్నారు. లోపాలున్న కారును అమెరికన్లు వాడుకలో ‘నిమ్మకాయ’ అంటారు. ఆసీలుమెట్ట సంపత్ వినాయగర్ గుడి దగ్గర మనవాళ్లు బండికి పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం ఆయన చూస్తే తప్పక నవ్వుకుంటారు.

ఆ వలయం తెగాలంటే, మంచి బండి యజమానికి తన బండి మంచిదని చూపుకోవడానికి ఒక దారి ఉండాలి. ఆ దారిలో చెడ్డ బండి నడవలేకపోవాలి. ఓటీపీ ఉన్న ప్రతివాడికీ దొరికే టిక్కు ఆ పని చేయదు. దాన్ని తీసేసి, దాని చోట వాక్యాలు పెట్టమని నా సలహా. ‘ఆర్‌సీలోని పేరు, అమ్మకందారు పేరు ఒకటే, 12వ తేదీ ఉదయం సరిచూశాము.’ ‘ఆర్‌సీలో బ్యాంకు అప్పు నమోదై ఉంది, తీరినట్టు బ్యాంకు పత్రం ఇంకా మాకు అందలేదు.’ ‘బీమా గడువు మార్చి నెలాఖరుతో ముగుస్తుంది.’ ‘ఇంజిన్‌ను మేము చూడలేదు.’ ఈ చివరి వాక్యం రాయడానికి మీకు చేయి రాదు. ప్రకటన అందం చెడుతుందనీ, అమ్మకందారు నొచ్చుకుంటాడనీ అనిపిస్తుంది. అయినా రాయండి. తాను చూడనిదాన్ని చూడలేదని ఒప్పుకున్న యాప్, చూశానన్న మాట కూడా నిజమే అయి ఉంటుందని చదివేవాడికి తోస్తుంది.

ఇక ఆర్‌సీ వివరాలు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలన్నది. వాహన రికార్డులను టోకుగా సంస్థలకు రుసుము మీద ఇచ్చే విధానాన్ని కేంద్రం 2019లో తెచ్చి, 2020లో రద్దు చేసింది. కేంద్ర రవాణా శాఖ యాప్ ఎంపరివాహన్‌లో బండి నంబరు కొడితే రిజిస్ట్రేషన్ తేదీ, ఇంధనం, బీమా గడువు వంటివి కనిపిస్తాయి గానీ యజమాని పేరులో కొన్ని అక్షరాలు చుక్కల చాటున ఉంటాయి. అలా ఉండడమే మంచిది. రోడ్డు మీద నంబరు చూసిన ప్రతివాడికీ మన పేరు తెలియనక్కరలేదు. కాబట్టి అమ్మకందారు తన అనుమతితో ప్రభుత్వ పత్రాలను డిజిటల్ రూపంలో ఉంచే తన డిజిలాకర్ ఖాతా నుంచే ఆర్‌సీని మీకు పంపేలా చేయడం సరైన మార్గం. ఫోటోను ఫోనులోనే దిద్దవచ్చు. డిజిలాకర్ నుంచి నేరుగా మీ సర్వరుకు చేరే పత్రాన్ని దారిలో దిద్దడానికి వీలుండదు. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. ఏ పనికి అనుమతి అడిగారో ఆ పనికే ఆ సమాచారాన్ని వాడాలన్నది దాని మూలసూత్రం. బేరం ముగిశాక అవసరం లేనిదాన్ని చెరిపేయండి, ఆధార్ ప్రతులను అసలు దాచుకోకండి. దాచనిది దొంగల పాలు కాదు.

సరిచూసిన తేదీని వాక్యంలోనే చూపమనడానికి కారణం ఉంది. ప్రకటన పెట్టిన రోజున చలానాలు లేని బండి మీద పది రోజుల్లో నాలుగు పడవచ్చు, బీమా గడువు తీరిపోవచ్చు. అందుకని కొనేవారు అడ్వాన్సు కట్టే ముందు ఆ వివరాలన్నీ మళ్లీ తాజాగా రావాలి. ఏదైనా మారి ఉంటే ఆ మార్పు పెద్ద అక్షరాల్లో ముందు కనిపించాలి.

ఫోటోల విషయంలో గ్యాలరీ నుంచి ఎక్కించే వీలు తీసేయండి. యాప్ కెమెరాతోనే, యాప్ చెప్పిన వరుసలో తీయించండి. అన్నిటికంటే చవకైన ఉపాయం ఒకటుంది. ప్రకటన మొదలుపెట్టగానే యాప్ ఒక నాలుగంకెల సంఖ్య ఇవ్వాలి. అమ్మకందారు దాన్ని తెల్ల కాగితం మీద రాసి, హ్యాండిల్ మీదనో డ్యాష్‌బోర్డు మీదనో పెట్టి, మీటరు కూడా కనిపించేలా ఫోటో తీయాలి. ఇంకొకరి బండి ఫోటోలు దొంగిలించి ప్రకటన పెట్టేవాడు అక్కడే ఆగిపోతాడు. బండి చట్రం మీద చెక్కిన చాసిస్ నంబరు ఫోటో కూడా తీయించి ఆర్‌సీతో పోల్చండి కానీ దాన్ని బయటివారికి చూపకండి.

ప్రశ్న: యాప్‌లవాళ్లు రెండు వందల పాయింట్ల తనిఖీ అని చెప్పుకుంటున్నారు. పాతికేళ్లుగా బండ్లు విప్పుతున్న నాకు పది విషయాలు చూస్తే చాలనిపిస్తుంది. విశాఖ బండికి ప్రత్యేకంగా ఏమి చూపించాలంటారు?
— ఒక మెకానిక్, ఆటోనగర్

జవాబు: మీరు నాకంటే బాగా చెప్పగలరు. అయినా అడిగారు గనుక నా అభిప్రాయం రాస్తున్నాను. రెండు వందల గడుల పట్టికలో నూట ఎనభై గడులు హారను మోగుతోందా, వైపర్లు తిరుగుతున్నాయా వంటివే అయినప్పుడు, అసలైన ఇరవై వాటి గుంపులో కలిసిపోతాయి. నూట తొంభై రెండు మార్కులు వచ్చాయని మురిసిపోయిన కొనుగోలుదారు, పోయిన ఎనిమిదీ చాసిస్ తుప్పువని ఆరో పేజీ దాకా చదవడు.

మన ఊరి బండికి మొదటి శత్రువు ఉప్పుగాలి. బీచ్ రోడ్డు వైపు, భీమిలి దారిలో సముద్రానికి ఎదురుగా ఏళ్ల తరబడి ఆరుబయట నిలిపిన బండికి తుప్పు కింది నుంచి ఎక్కుతుంది. సైలెన్సరు కీళ్లు, తలుపుల కింది అంచులు, బ్రేకు పైపులు, చాసిస్ అడుగు, బ్యాటరీ టెర్మినళ్లు ముందు తింటుంది. పైనుంచి పెయింటింగ్, పాలిషింగ్ చేయిస్తే ప్రకటన ఫోటోలో అద్దంలా మెరుస్తుంది. కాబట్టి విశాఖ యాప్‌లో బండి అడుగు భాగం ఫోటో తప్పనిసరి చేయాలని నేనంటాను. బండిని రాత్రిళ్లు ఎక్కడ పెట్టేవారన్న ప్రశ్నకూ చోటు ఉండాలి. నంబరు ప్లేటును బట్టి ఊహించడం కుదరదు. ఒకప్పుడు ఏపీ 31 అంటే విశాఖ అని తెలిసిపోయేది, 2019లో రాష్ట్రమంతటికీ ఒకే ఏపీ 39 వరుస వచ్చాక బండి ఏ ఊరిదో నంబరు చెప్పడం మానేసింది.

రెండోది మీటరు. డిజిటల్ మీటర్లు వచ్చాక వెనక్కి తిప్పడం ఆగిపోతుందనుకున్నాము; లాప్‌టాప్ తెచ్చుకున్నవాడికి ఇప్పుడు స్క్రూడ్రైవర్ పని కూడా తప్పింది. దీనికి ఒక్క ఫోటో చాలదు, వరుస కావాలి. సర్వీసు బిల్లు ప్రతిదాని మీదా తేదీ, ఆనాటి మీటరు అంకె ఉంటాయి. వాటిని యాప్ తేదీల వారీగా పేర్చి చూపితే, ముందు బిల్లుకంటే తరువాతి అంకె తక్కువైన చోట పసిపిల్లవాడైనా వేలు పెట్టి చూపగలడు. బిల్లులు లేకపోతే లేవనే రాయాలి.

టైరు కూడా సాక్ష్యమే చెబుతుంది. టైరు పక్క గోడ మీద గుండ్రని అంచుల గడిలో నాలుగంకెలు అచ్చొత్తి ఉంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైన టైరు. 2021లో రిజిస్టరైన స్కూటరు మీటరు 11,000 కిలోమీటర్లు చూపిస్తూ, వెనుక టైరు మీద 0824 అని ఉందనుకోండి. అంత తక్కువ తిరిగిన బండికి కొత్త టైరు ఎందుకు పడింది? మేకు గుచ్చుకుని చీలిపోయి ఉండవచ్చు, మీటరు అబద్ధం చెబుతూ ఉండవచ్చు. యాప్ తీర్పు చెప్పనక్కరలేదు. రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి, ‘అమ్మకందారును అడగండి’ అంటే చాలు. వరదలో మునిగిన కారు ఊరు మారి అమ్మకానికి వస్తే, సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగి చూడడం మీకు తెలిసినదే. కడిగినవాడు అంత లోపలిదాకా కడగడు, బురద చార అక్కడ దొరుకుతుంది. మీ పది విషయాల్లో ఇవి ఉన్నాయో లేదో రాయండి.

ఇంకొక్క మాట. తనిఖీ చేసేవారికి కూలి ఎవరిస్తారన్నది పాయింట్ల సంఖ్యకంటే పెద్ద విషయం. బండి అమ్ముడైతేనే డబ్బు వచ్చే మెకానిక్ కళ్లకు తుప్పు ఆనదు. కొనేవారే రుసుము కట్టి, బేరం కుదిరినా చెడినా ఆ రుసుము మెకానిక్‌కు ముట్టి, నివేదిక మీద ఆయన పేరు ఉండే ఏర్పాటు కావాలి.

ప్రశ్న: రెండేళ్ల క్రితం నా స్కూటరును ఒక యాప్ ద్వారా అమ్మాను. డబ్బు ఇచ్చారు, బండి, ఆర్‌సీ తీసుకెళ్లారు, యాప్‌లో ‘అమ్ముడైంది’ అని వచ్చింది. ఇప్పటికీ చలానాలు నా ఫోనుకే వస్తున్నాయి. యాప్‌వారిని అడిగితే ప్రకటన ముగిసింది కనుక మాకు సంబంధం లేదన్నారు. నేనేం చేయాలి?
— విశ్రాంత ఉద్యోగి, ఎంవీపీ కాలనీ

జవాబు: మీ బాధ నాకు స్వయంగా తెలుసు. కొన్నేళ్ల క్రితం నేను కూడా ఒక ఆటో కన్సల్టెన్సీకి బండి అప్పగించి, ఖాళీ ఫారాల మీద అడిగిన చోటల్లా సంతకాలు పెట్టి, తేదీలు వారే వేసుకుంటారన్న మాటకు తలూపి ఇంటికి వచ్చాను. మూడేళ్ల తరువాత, నేను ఎన్నడూ కాలుపెట్టని ఊళ్లో హెల్మెట్ లేకుండా వెళ్తున్న కుర్రవాడి ఫోటోతో నా పేర చలానా వచ్చింది. వెనుక సీటు మీద మా అమ్మాయి చిన్నప్పుడు అంటించిన సీతాకోకచిలుక స్టిక్కరు ఇంకా ఉంది.

1988 నాటి మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం, రాష్ట్రంలోపల అమ్మితే 14 రోజుల్లోగా అమ్మినవారు ఆ సంగతిని రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయాలి, కొన్నవారు 30 రోజుల్లోగా తెలియజేయాలి. అమ్మినవారు ఇచ్చేది ఫారం 29, పేరు మార్పిడికి దరఖాస్తు ఫారం 30. అప్పు మీద కొన్న బండి అయితే, అప్పు తీరినట్టు ఆర్‌సీలో రాయించడానికి ఫారం 35 కూడా కావాలి. ఈ పని జరగనంత కాలం చట్టం దృష్టిలో బండి మీదే. చేతులు మారుతూ పోయిన ఒక కారు ప్రమాదం కేసులో సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో ఇదే తేల్చింది: ఆర్‌సీలో ఎవరి పేరుంటే పరిహారం విషయంలో వారే యజమాని. కాబట్టి చలానాలు మీకున్న చిక్కులో చిన్న భాగమే. వెంటనే అమ్మకానికి సంబంధించిన రుజువులు, అంటే బ్యాంకులో జమైన తేదీ, యాప్‌లోని సంభాషణలు, డెలివరీ నోటు ఉంటే అది, అన్నీ జతచేసి, ఫారం 29తో రవాణా శాఖ కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. కొన్నవారికి స్పీడ్ పోస్టులో ఉత్తరం రాయండి. జవాబు రాకపోతే ఆ నకళ్లతో పోలీసు స్టేషనులో రాతపూర్వకంగా తెలియజేయండి.

మధురవాడ మిత్రులు ఈ ఉత్తరాన్ని రెండుసార్లు చదవాలి. డబ్బు చేతిలో పడగానే బేరం ముగిసిందని ప్రకటనను మూసేయడమే పాత బండ్ల యాప్‌లో అతి పెద్ద రూపకల్పన లోపమని నా అభిప్రాయం. ఆర్‌సీలో పేరు మారేదాకా ఆ బేరానికి ఒక పేజీ తెరిచే ఉండాలి. ఇద్దరి ఫోన్లలోనూ అదే పేజీ కనిపించాలి. బండి అప్పగించే క్షణంలో ఇద్దరూ కలిసి నొక్కే బొత్తాముతో తేదీ, గంట, నిమిషం, మీటరు అంకె నమోదై, డెలివరీ నోటుగా ఇద్దరికీ అందాలి. సాయంత్రం నాలుగింటికి బండి ఇచ్చి, ఆరింటి చలానాకు ఎవరు బాధ్యులన్న తగాదా అక్కడితో తీరుతుంది. ఆ తరువాత 14 రోజుల గడువు, 30 రోజుల గడువు లెక్క కనిపించాలి. ఖాళీ ఫారాల మీద సంతకాలు వద్దని యాప్ ఆ పేజీలోనే చెప్పాలి. కొత్త పేరుతో ఆర్‌సీ వచ్చిందని సరిచూసిన రోజునే ‘అమ్ముడైంది’ అన్న మాట రావాలి.

బీమా సంగతి కూడా ఆ పేజీలో చేరాలి. బండి చేతులు మారితే థర్డ్ పార్టీ బీమా, అంటే ఆ బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి ఇచ్చే బీమా, దాని వెంటే వెళ్తుంది. కానీ పాలసీని తమ పేరుకు మార్చమని కొన్నవారు 14 రోజుల్లోగా బీమా సంస్థను కోరాలి, లేకపోతే సొంత బండికి జరిగే నష్టం విషయంలో చిక్కు వస్తుంది. బీమా సొమ్ము కోరని ఏళ్లకు ప్రీమియంలో దొరికే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, మాత్రం బండితో పోదు, అమ్మినవారి దగ్గరే ఉంటుంది. పాలసీ కాగితం మీద 50 శాతం బోనస్ చూసి, అది తమకూ వస్తుందనుకుని ధర పెంచి ఇచ్చినవారు నాకు తెలుసు.

ప్రశ్న: ఒక యాప్‌లో చాలా తక్కువ ధరకు స్కూటరు కనిపించింది. అమ్మే ఆయన తాను నేవీ ఉద్యోగినని, బదిలీ అయిందని చెప్పి, యూనిఫాంలో ఫోటో, ఐడీ కార్డు పంపారు. బండిని పార్సిల్‌లో పంపుతాను, ముందు రవాణా ఖర్చు కట్టండి అన్నారు. మా తమ్ముడు ఆపకపోతే కట్టేసేదాన్ని. యాప్ దీన్ని ఆపలేదా?
— ఉపాధ్యాయిని, గాజువాక

జవాబు: ఆపగలదు. తూర్పు నౌకాదళ ప్రధాన స్థావరం ఉన్న ఊరు మనది. బదిలీల వేళ నేవీ కుటుంబాలు నిజంగానే బండ్లు అమ్ముకుని వెళ్తాయి, వాటిలో చక్కగా చూసుకున్న బండ్లు చాలా ఉంటాయి. ఆ మంచి పేరునే దొంగలు అరువు తెచ్చుకుంటారు. యూనిఫాం ఫోటో గానీ ఐడీ కార్డు గానీ బండికి రుజువు కాదు. అలాంటి కార్డు ఫోటో చాట్‌లోకి రాగానే యాప్ దాన్ని ఆపి, కారణం చెప్పాలి. పార్సిల్, కొరియర్, క్యూఆర్ కోడ్ వంటి మాటలు సంభాషణలో పడిన క్షణంలోనే హెచ్చరిక రావాలి. ఎవరూ తెరవని నిబంధనల పేజీలో రాసి పెడితే ప్రయోజనం లేదు. ‘డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ కొట్టనక్కరలేదు’ అన్న ఒక్క వాక్యం సరైన చోట కనిపిస్తే, అమ్మేవారిని క్యూఆర్‌తో దోచే మోసం కూడా తగ్గుతుంది. బండిని కళ్లారా చూసినట్టు నమోదు కాకుండా డబ్బు కట్టే బొత్తాము యాప్‌లో ఉండనే కూడదు. చలానా పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును, అంటే తెరిస్తే ఫోనులో యాప్‌ను ఎక్కించే ఫైలును, కూడా ఎన్నడూ తెరవకండి. డబ్బు పోయినవారు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి.

నిజమైన నేవీ ఉద్యోగి దగ్గర కొనేవారికి వేరే జాగ్రత్త ఒకటుంది. రాష్ట్రం మారినా నంబరు మార్చనక్కరలేకుండా 2021 సెప్టెంబరు నుంచి వచ్చిన బీహెచ్ వరుస నంబరు ఉన్న బండికి రోడ్డు పన్ను రెండేళ్ల లెక్కన కడతారు. ఆ వరుసకు అర్హత లేనివారు కొంటే రాష్ట్రపు నంబరు తీసుకుని ఇక్కడి పన్ను కట్టాలి. ఆ ఖర్చు బేరానికి ముందే యాప్‌లో కనిపించాలి.

ప్రశ్న: ఈ యాప్‌లన్నీ మా కన్సల్టెన్సీలను మూయించడానికేనా?
— ఆటో కన్సల్టెన్సీ నిర్వాహకుడు, కంచరపాలెం

జవాబు: మీరు మీరుగా కనిపిస్తే మూతపడవలసిన అవసరం లేదు. యాప్‌లో డీలరే మామూలు యజమానిలా, ‘మా మామయ్య బండి’ అంటూ ప్రకటన పెట్టడమే తగాదా. పాత బండ్ల డీలర్ల కోసం కేంద్రం 2022 డిసెంబరులో కొత్త నిబంధనలు ప్రకటించింది, అవి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం డీలరుకు రిజిస్టరింగ్ అధికారి నుంచి అనుమతి పత్రం ఉండాలి. యజమాని బండిని డీలరుకు అప్పగించిన సంగతిని అధికారికి తెలియజేయాలి. అక్కడి నుంచి బాధ్యత డీలరుది. పేరు మార్పిడి, ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) వంటి దరఖాస్తులను డీలరే పెట్టవచ్చు. బండి బయటికి తీసిన ప్రతిసారీ ఎలక్ట్రానిక్ రిజిస్టరులో రాయాలి. నాకు మూడేళ్ల తరువాత వచ్చిన చలానా ఈ నిబంధనల కాలంలో అయితే వచ్చేది కాదు. జీఎస్టీలో నమోదైన డీలర్లు పాత బండ్ల అమ్మకంలో తమకు మిగిలే లాభం మీద 18 శాతం పన్ను కట్టాలన్న ఏకరీతి రేటు 2025 జనవరిలో వచ్చింది. సొంత బండి అమ్ముకునే మామూలు మనిషికి అది వర్తించదు. కనుక ‘డీలరు’, ‘సొంత యజమాని’ అన్న తేడాను యాప్ ఎక్కడా దాచకూడదు. మీ అనుమతి పత్రం మీ ప్రకటనల మీద కనిపిస్తే మీకే లాభం.

ప్రశ్న: మాదే ఇంకొకటి. అడ్వాన్సును మా ఖాతాలో ఉంచుకుని, ఆర్‌సీ మారాక అమ్మకందారుకు పంపితే ఇద్దరికీ భరోసాగా ఉంటుంది కదా? ప్రకటన మీద ‘ఇప్పుడు 9 మంది చూస్తున్నారు’ అని చూపితే బేరాలు తొందరగా తెగుతాయని ఒకరు చెప్పారు, అది కూడా పెట్టవచ్చా?
— ముగ్గురు మిత్రులు, మధురవాడ

జవాబు: మొదటిదాంట్లో ఆలోచన మంచిది, దారి తప్పు. ఇతరుల డబ్బును మధ్యలో పట్టుకునే పేమెంట్ అగ్రిగేటర్లకు రిజర్వు బ్యాంకు 2020 మార్చిలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ డబ్బు బ్యాంకులోని ఎస్క్రో ఖాతాలో, అంటే ఇతరుల సొమ్మును వారికి చేరేదాకా ఉంచే ప్రత్యేక ఖాతాలో, విడిగా ఉండాలి, ఆ పనికి అనుమతి ఉండాలి. మీ కంపెనీ కరెంటు ఖాతాలో జీతాల డబ్బుతో కలిపి ఉంచకూడదు. అనుమతి ఉన్న సంస్థతో ఒప్పందం చేసుకుని, ఎన్నాళ్లు ఆపి ఉంచవచ్చో ముందే తేల్చుకోండి. బేరం చెడితే అడ్వాన్సు ఎవరికి, ఏ కారణానికి ఎంత అన్నది డబ్బు కట్టే పేజీలోనే రాయండి. కార్ల విషయంలో మరొకటి: రెండు లక్షలు, అంతకు మించిన మొత్తాన్ని నగదుగా తీసుకోవడాన్ని 2017 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది; ‘సగం క్యాష్’ అన్న సంభాషణను మీ యాప్ ప్రోత్సహించకూడదు.

ఆ తొమ్మిది మంది నిజంగా చూస్తున్నారా? లేకపోతే అది అబద్ధపు తొందర. వినియోగదారులను మభ్యపెట్టే 13 రకాల ఎత్తుగడలను కేంద్రం 2023 నవంబరులో జాబితా వేసినప్పుడు అందులో ఇది కూడా చేరింది. మీ నాలుగైదు నెలల శ్రమను ఆ ఒక్క వాక్యానికి ఖర్చు పెట్టకండి. దానికి బదులు ఫిర్యాదుల అధికారి పేరు, ఫోన్ నంబరు మొదటి పేజీకి దగ్గరగా పెట్టండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. ఫోన్ ఎత్తేది మనిషి కావాలన్నది మాత్రం నా సొంత షరతు.

ప్రశ్న: మా అబ్బాయి ఫోనులో తెలుగు పెట్టి ఇచ్చాడు. బండ్ల యాప్‌లో అక్షరాల కింది వత్తులు సగం తెగిపోతున్నాయి, కొన్ని మాటలు చుక్కలతో ఆగిపోతున్నాయి. ఏది నొక్కాలో తెలియక ఇంగ్లీషుకే మార్చుకున్నాను.
— గృహిణి, అక్కయ్యపాలెం

జవాబు: తప్పు మీది కాదు. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయేంత ఎత్తుతో గడి గీసి, అందులో తెలుగును ఇరికించారు. మన వత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి, మాటలు పొడవుగా ఉంటాయి. వరుసల మధ్య ఎడం పెంచి, బొత్తాము రెండు వరుసలకు సాగేలా చేస్తే సరిపోతుంది. ‘నేను అంగీకరించడం లేదు’ అన్న బొత్తాములో చివరి మాట చుక్కల్లో కలిసిపోతే, ‘నేను అంగీకరించ...’ అన్నంత వరకు చదివి వేలు పెట్టినవారు దేనికి ఒప్పుకున్నారో వారికే తెలియదు. మధురవాడ మిత్రులు తమ యాప్ తెలుగు పేజీలను ముందుగా మీకు చూపించాలని కోరుతున్నాను. మీకు అభ్యంతరం లేకపోతే వారి ఉత్తరాన్ని మీ చిరునామాకు పంపుతాము.